కిటికీ కోసం 500 పౌండ్లు

సిసిలీ సాండర్స్ 1918లో ఇంగ్లండ్‌లో పుట్టారు. నర్సుగా శిక్షణ పొందినా, నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని లండన్ ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా చేరారు. అక్కడే క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉన్న డేవిడ్ టాస్మా పరిచయమయ్యారు. పోలండ్ నుంచి వచ్చిన ఆయనకు ఆ ఊళ్లో నా అన్నవాళ్లు లేరు. సిసిలీ వెళ్లి పక్కన కూర్చునేవారు. ఇలాంటివారికి ఒక ఇల్లు ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో చనిపోతూ, ఆ ఇంటికి ఒక కిటికీ కోసమని ఆయన 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చారు.

నొప్పికి మందు తానే ఇవ్వాలని చదివి, 1957లో సిసిలీ డాక్టరయ్యారు. నొప్పి తిరగబెట్టకముందే వేళకు మందివ్వాలనీ, రోగితోపాటు కుటుంబాన్నీ చూసుకోవాలనీ చెప్పారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. 2005లో అక్కడే కన్నుమూశారు.

ఇంట్లో తాతయ్యో నానమ్మో మంచం పడితే, భయపడతారని పిల్లల్ని దూరం పెట్టకండి. కాసేపు పక్కన కూర్చోనివ్వండి.