నవ్విస్తూనే వాత పెట్టిన మతగురువు

గలివర్ అనగానే మనకు లిల్లీపుట్ బొమ్మల కథే గుర్తొస్తుంది. నేనూ చాన్నాళ్లు అది పిల్లల పుస్తకమే అనుకున్నా. రాసినాయన జొనాథన్ స్విఫ్ట్ చర్చిలో మతగురువు, ఆయన కోపమంతా పెద్దోళ్ల మీదే!

స్విఫ్ట్ 1667లో ఐర్లాండులోని డబ్లిన్‌లో పుట్టాడు. అప్పటికే తండ్రి చనిపోయాడు. తండ్రి తోబుట్టువు చదివించాడు. ట్రినిటీ కాలేజీలో మార్కులు అంతంతమాత్రం, 1686లో ప్రత్యేక దయ కింద డిగ్రీ ఇచ్చారు. బ్యాక్‌లాగులున్న మిత్రులారా, ధైర్యంగా ఉండండి.

1695లో మతగురువయ్యాడు. 1704లో మతశాఖల తగువులను వెక్కిరిస్తూ 'ఎ టేల్ ఆఫ్ ఎ టబ్' అచ్చు వేయించాడు. అది రాణి ఆన్‌కు నచ్చలేదు. ఇంగ్లాండులో పెద్ద పదవి ఆశించినవాడు చివరికి 1713లో డబ్లిన్ సెయింట్ పాట్రిక్స్ కేథడ్రల్‌కు డీన్‌గా వెళ్లాల్సి వచ్చింది.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు కొన్ని కొట్లల్లో పది రూపాయల బిళ్ళ తీసుకోమంటారు కదా, అది వట్టి పుకారు. ఐర్లాండులో మాత్రం కథ వేరు. అక్కడి జనాన్ని అడక్కుండానే రాగి నాణేలు ముద్రించే హక్కును వుడ్ అనే ఇంగ్లీషు వ్యాపారికి కట్టబెట్టారు. 1724లో స్విఫ్ట్ ఒక బట్టల కొట్టువాడి పేరుతో, మామూలు జనానికి అర్థమయ్యే భాషలో, ఆ నాణెం ముట్టొద్దని ఉత్తరాలు అచ్చేశాడు. రాసిందెవరో చెప్తే 300 పౌన్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఊళ్లో చాలామందికి తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. మరుసటి ఏడే ఆ హక్కు రద్దయింది.

1726లో 'గలివర్స్ ట్రావెల్స్' వచ్చింది. ఇంజనీరింగోళ్లం మనం చదవాల్సింది మూడో భాగం. అందులో ఒక అకాడమీలో పండితులు దోసకాయల్లోంచి ఎండ పిండుతుంటారు, ఇంటిని పైకప్పు నుంచి కిందికి కట్టాలని చూస్తుంటారు. మన మినీ ప్రాజెక్టులు కొన్ని గుర్తొచ్చి నవ్వాగలేదు.

1729 నాటి 'ఎ మోడెస్ట్ ప్రపోజల్' చదివితే మాత్రం నవ్వు గొంతులో ఆగిపోతుంది. పేదల బిడ్డల్ని ధనవంతుల భోజనానికి అమ్మితే దరిద్రం తీరుతుందని లెక్కలేసి మరీ చూపిస్తాడు. ఆకలిని పట్టించుకోని భూస్వాములకు అది చెంపదెబ్బ.

1745లో చనిపోతూ ఆస్తిలో ఎక్కువ భాగం మానసిక రోగుల ఆసుపత్రికి రాసిచ్చాడు. అది డబ్లిన్‌లో ఇప్పటికీ నడుస్తోంది.

గలివర్ దారిలోనే మన కందుకూరి వీరేశలింగం గారు 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. ఈ సెలవుల్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.