ఎండదేశంలో మంచు జాడ పట్టిన విలియం బ్లాన్‌ఫర్డ్

మా భూగర్భశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ పక్కనున్న పాత బీరువాలో, మూడో అరలో ఒక రాయి ఉంది. చూడ్డానికి ఏమంత అందమైనది కాదు. పిడికిలి కంటే కాస్త పెద్దది. ఒక పక్క సాపుగా అరిగిపోయి, దానిమీద చాకుమొనతో గీకినట్టు సన్నని గీతలు. అంటించిన కాగితం మీద తాల్చేరు అన్న మాట తప్ప మిగిలిందంతా చెరిగిపోయింది. మొదటి సంవత్సరంలో మా లెక్చరర్ గారు దాన్ని బెంచీల వెంట తిప్పి, ఈ గీతలు ఎవరు గీశారో చెప్పమన్నారు. ఒకడు వరద అన్నాడు. ఇంకొకడు నాగలి కర్రు అన్నాడు. ఆ రెండోవాణ్ని నేనే. రైతు కొడుకుని, నాకు అంతకన్నా ఏం తోస్తుంది? మంచు గీసిందని ఆయన చెప్పేసరికి క్లాసంతా గొల్లుమంది. ఏప్రిల్ నెల, ఫ్యాను తిరగడం లేదు, చొక్కాలు వీపులకు అతుక్కున్నాయి. ఒరిస్సాలో మంచేమిటి!

ఆ మాట మొదట లోకానికి చెప్పినవాళ్ళను చూసి కూడా చాలామంది నమ్మలేకపోయారు. వాళ్ళలో ముఖ్యుడు విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్. ఆయన కథ ఈ సంచికలో రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను. ఎందుకో చివర తెలుస్తుంది.

బ్లాన్‌ఫర్డ్ 1832 అక్టోబరు 7న లండన్‌లో పుట్టాడు. తండ్రిది చెక్కడపు పని మీద బంగారు పూత వేయించే వ్యాపారం. కొడుకు కూడా వ్యాపారంలోకే రావాలని బ్రైటన్‌లో, పారిస్‌లో చదివించి, ఇటలీలోని చివితావెక్కియా రేవులో ఒక వర్తక సంస్థలో రెండేళ్ళు ఉంచారు. 1851లో ఇంగ్లండు తిరిగొచ్చాక మనసు మారింది. అప్పుడే కొత్తగా పెట్టిన రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో తమ్ముడు హెన్రీ అప్పటికే చేరి ఉన్నాడు. అన్న వెళ్ళి తమ్ముడి కాలేజీలో చేరాడు. మన ఇళ్ళలో తమ్ముడు అన్న పుస్తకాలు చదువుకోవడం మామూలు, ఇక్కడ కథ తిరగబడింది. తరవాత జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో ఒక సంవత్సరం. 1854 చివర అన్నదమ్ములిద్దరికీ భారత భూగర్భ సర్వే సంస్థలో ఉద్యోగాలు దొరికాయి. 1855లో కలకత్తాలో దిగారు.

దిగిన కొద్ది నెలలకే, 1856లో, వాళ్ళను తాల్చేరు బొగ్గు ప్రాంతానికి పంపారు. అప్పుడది ఒరిస్సాలో ఒక చిన్న సంస్థానం. తోడు విలియం థియోబాల్డ్ అనే మరో ఉద్యోగి. అన్నకు 23 ఏళ్ళు, తమ్ముడికి 21. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గదిలో ఉండే సీనియర్లకు దాదాపు అదే వయసు. వాళ్ళు గ్రూప్స్ కోచింగ్‌కు తిరుగుతున్నారు, వీళ్ళు అడవిలో రాళ్ళు కొట్టారు.

పంపింది బొగ్గు కోసం, మంచు కోసం కాదు. కంపెనీ సర్కారుకు రైళ్ళు నడవాలి, రైళ్ళకు బొగ్గు కావాలి. ఆ పని చేస్తూ బొగ్గు పొరల కిందికి దిగి చూస్తే ఒక విచిత్రమైన పొర కనిపించింది. ఆకుపచ్చ ఛాయ ఉన్న మెత్తటి ఒండ్రు. అందులో పెద్దవీ చిన్నవీ గుండ్రాళ్ళు, లడ్డూలో జీడిపప్పు గుచ్చినట్టు, ఒకదానికొకటి తగలకుండా కూచుని ఉన్నాయి.

ఇందులో వింత ఏముందో మా ఊళ్ళో ఎవరికైనా చెబితే తెలుస్తుంది. వానాకాలంలో వాగు వచ్చి పోయాక చూడండి. బండరాళ్ళు ఎగువనే ఆగిపోతాయి, కంకర కొంచెం కిందికి, ఇసుక ఇంకా కిందికి, మెత్తటి ఒండ్రు చెరువులోకి. కళ్ళంలో తూర్పారబడితే గింజ దగ్గర, పొట్టు దూరం పడ్డట్టే. గాలి చేసే పని నీళ్ళూ చేస్తాయి, దేనికదే వేరు చేస్తాయి. నడుమెత్తు బండను దొర్లించగల వరద ఆ పక్కన మెత్తటి మన్నును ఉండనిస్తుందా? తోసుకుపోతుంది. బండా బురదా ఒక్కచోటే ఉన్నాయంటే, తెచ్చింది పారే నీళ్ళు కాదన్నమాట. ఏరి పెట్టడం తెలియనిదేదో అన్నింటినీ ఒకే మూటగా కట్టి తెచ్చి దించింది. అలాంటి మోతగాళ్ళలో ఒకటి మంచు.

ఐరోపాలో పూర్వం మంచుయుగం ఉండేదని అగాసీ చెప్పి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. ఆల్ప్స్ పక్కన మంచు అంటేనే పెద్దలు తలలడ్డం తిప్పుతున్న కాలం. అలాంటిది కర్కాటక రేఖకు దక్షిణాన, పల్లపు నేల మీద, మంచు రాళ్ళు మోసిందని ఉద్యోగంలో చేరి రెండేళ్ళయినా కాని కుర్రాళ్ళు రిపోర్టులో రాశారు. అక్కడే వాళ్ళ ధైర్యం నాకు కనిపిస్తుంది. ధైర్యమే కాదు, జాగ్రత్త కూడా. హిమానీనదాలు కదిలాయని గట్టిగా అనలేదు. నీటి అడుగున, ఒడ్డున గడ్డకట్టిన మంచు రాళ్ళను పట్టుకుని తేలిపోయి జారవిడిచి ఉండొచ్చని మాత్రమే అన్నారు. చూసినంతవరకే చెప్పారు.

సాక్ష్యం చాలదన్నవాళ్ళు చాలామంది ఉండిరి. గీతలేవి, నున్నబడ్డ బండ ఏది అని అడిగారు. దాదాపు ఇరవై ఏళ్ళకు జవాబు దొరికింది, అదీ మనకు దగ్గరలో. ఆదిలాబాదు జిల్లాకు ఎల్లగా పారే పెన్‌గంగ దగ్గర, చంద్రాపూర్ వైపున ఇరాయి అనే చోట, ఫ్రాన్సిస్ ఫెడన్ అనే సర్వే ఉద్యోగికి సున్నపురాయి బండ ఒకటి అద్దంలా నున్నబడి, పొడుగాటి గాడులతో కనిపించింది. పైన తాల్చేరు పొర, అందులో గీతలు పడ్డ రాళ్ళు. 1875లో దాన్ని అచ్చువేశారు. బరువైన మంచు, అడుగున రాళ్ళు పట్టుకుని, ఆ బండ మీద ఈడ్చుకుపోయిందని ఇక కాదనడానికి వీలు లేకపోయింది.

బ్లాన్‌ఫర్డ్ మన తెలుగు నేల మీదికి కూడా వచ్చాడు. 1871లో గోదావరి మీద మొదటి అడ్డుబండలున్న దుమ్ముగూడెం దగ్గర, అక్కణ్నుంచి ఏలూరు వైపు, ఇసుకరాతి పొరలు పరిశీలించి రాశాడు. మరుసటి ఏడు, 1872లో, అదే సంస్థకు చెందిన విలియం కింగ్ నిజాం రాజ్యంలో సింగరేణి దగ్గర బొగ్గు ఉందని ప్రకటించాడు. (ఈ కింగ్ తండ్రి కూడా భూగర్భశాస్త్రజ్ఞుడే. నియాండర్తాల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే.) మన గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున పరుచుకుని ఉన్నది ఆ తాల్చేరు పొరే. మంచు కరిగిన నేలలో మొలిచిన అడవులే తరవాత బొగ్గయ్యాయి. ఇంట్లో స్విచ్చి వేసినప్పుడు ఈ సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

మిగిలిన ఉద్యోగ జీవితం గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే ఆయన కాలు ఒకచోట నిలవలేదు. రాణిగంజ్ బొగ్గు, బర్మా, బొంబాయి వైపు నల్లరాతి గుట్టలు, 1867-68లో సైన్యం వెంట అబిసీనియా, 1870లో సిక్కిం, 1872లో పర్షియా సరిహద్దు. పోయిన ప్రతిచోటా రాళ్ళతోపాటు పిట్టలు, పాములు, నత్తలు పోగుచేసేవాడు. 1879లో మెడ్లికాట్‌తో కలిసి భారతదేశ భూగర్భశాస్త్రం మీద మొదటి సమగ్ర గ్రంథం తెచ్చాడు. 1882లో ఉద్యోగం విరమించి, 1883లో పెళ్ళి చేసుకున్నాడు, యాభై నిండాక! ఆ తరవాత బ్రిటిషిండియా జంతుజాలం గ్రంథమాలకు సంపాదకుడై, క్షీరదాల సంపుటం, పక్షుల మీద రెండు సంపుటాలు తానే రాశాడు. ఒక నక్కకు ఇప్పటికీ ఆయన పేరుంది.

ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ రోజుల్లో అడవిలో దారి చూపినవాళ్ళు, డేరాలు మోసినవాళ్ళు, రాళ్ళ మూటలు బండికెత్తినవాళ్ళు మనవాళ్ళే. వాళ్ళ పేర్లు చరిత్రలో నిలవలేదు. గొప్పవాళ్ళ జీవితం చదివినప్పుడల్లా నా కన్ను ఆ మూటల మీదికే పోతుంది. మా తాత కూడా మూటలు మోసినవాడే.

ఇక తమ్ముడు హెన్రీ. ఈ మనిషి లేకుండా అన్న కథ సగమే. హెన్రీ సర్వే వదిలి 1862లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకుడయ్యాడు. 1875లో మన వాతావరణ శాఖ ఏర్పడ్డప్పుడు దానికి మొదటి అధిపతి ఆయనే. అదే 1875లో, ఇండియాలో, ఆఫ్రికాలో ఒకే రకం మొక్కల శిలాజాలు దొరుకుతున్నాయి కనుక ఒకప్పుడు మధ్యలో భూమి ఉండేదని ఒక వ్యాసం రాశాడు. మధ్యలో ఉన్న నేల మునిగిందని ఆయన అనుకున్నాడు. నేలలే కదిలిపోయాయని తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇప్పుడు మనకు తెలిసినదేమంటే, సుమారు 30 కోట్ల ఏళ్ళ కింద ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా ఒకే ముద్దగా దక్షిణ ధ్రువం వైపున ఉండేవి. తాల్చేరుకు మంచు రాలేదు, తాల్చేరే మంచు దగ్గర ఉంది! అన్న కూడా ఈ ముక్క వదల్లేదు. ఆస్ట్రేలియా పొరలతో పోల్చి, పురాతన మంచుకు మరిన్ని సాక్ష్యాలు చూపిస్తూ 1886లో లండన్‌లో ప్రకటించాడు.

1876-78 కరువులో దక్షిణాదిన లక్షల మంది చచ్చిపోయారు. వాన ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న హెన్రీ మీద పడింది. హిమాలయాల మీద చలికాలం, వసంతం మంచు ఎక్కువ పడితే ఆ ఏడు నైరుతి రుతుపవనం బలహీనపడుతుందని 1884లో రాశాడు. 1886 నుంచి ఏటేటా ముందస్తు అంచనాలు వెలువడ్డాయి. లెక్క ప్రతిసారీ కుదరలేదు. అయినా అన్న పాత మంచు మీద, తమ్ముడు కొత్త మంచు మీద బతుకు పెట్టారు, ఇద్దరి లెక్కా చివరికి మన పొలాల్లోకే వచ్చింది. హెన్రీ 1893లో పోయాడు. విలియంకు 1883లో వొలాస్టన్ పతకం, 1901లో రాయల్ సొసైటీ పతకం దక్కాయి. 1905 జూన్ 23న లండన్‌లో కన్నుమూశాడు.

ఇక నేను ఇదంతా ఎందుకు చదివానో చెప్పాలి. మాది నల్లగొండ వైపు. బత్తాయి తోట అయిదెకరాలు. పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోక ముందు మా నాయన లారీ మీద కొత్తపేటకు కాయ తెచ్చేవాడు, నన్ను వెంట తెచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ తినిపించేవాడు. రెండేళ్ళ నుంచి తోట ఎండుతున్నది. రెండు బోర్లు వేస్తే రెండూ రాతిపొడే పోశాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకు నడిచే పెద్దమనిషి చూపించిన చోటులే అవి. అప్పు పెరిగింది. మూడోది వేయాలా వద్దా అన్నది ఇప్పుడు ఇంట్లో రోజూ నడిచే మాట.

పోయిన ఎండాకాలం నాయన మోటారు రిపేరుకని వచ్చి, తిరుగు బస్సు కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో నాతోపాటు నిలబడ్డాడు. ఏం చదువుతున్నావురా అంటే ఈ బ్లాన్‌ఫర్డ్ కథ చెప్పాను. ఓపికగా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు. ముప్పై కోట్ల ఏళ్ళ కింద ఎక్కడ మంచుండెనో చెప్పేవాళ్ళు, ఇప్పుడు మన చెలక కింద నీళ్ళు ఎక్కడున్నయో చెప్పలేరా అని. సూర్యాపేట బస్సు వచ్చింది, ఎక్కిపోయాడు. నేను మెట్రో మెట్ల దగ్గర చాలాసేపు అట్లనే నిలబడ్డాను.

మా నేల తాల్చేరులాంటిది కాదు. ఇక్కడ ఏ మంచూ ఏ బండా తేలేదు. వనస్థలిపురం గుట్టల మీద గుండ్రాళ్ళు ఎట్లా ఉన్నచోటే అరిగి గుండ్రమయ్యాయో, మా ఊరిదీ అదే గ్రానైటు. నీళ్ళుంటే పైనున్న అరిగిన పొరలో, లేకపోతే పగుళ్ళలో. ఎంత లోతు పోతే అంత నీళ్ళన్నది అపోహ, లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు మూసుకుపోతాయి. మా రెండో బోరు ఏడువందల అడుగులు.

దసరా సెలవుల్లో దిక్సూచి, నోటుబుక్కు పట్టుకుని మూడు రోజులు పొలాలన్నీ తిరిగాను. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. మూడోనాడు కంచె అవతల ఒక నల్లరాతి వరస దొరికింది. డోలరైటు, గ్రానైటును అడ్డంగా చీల్చుకుని గోడలాగా లేచినది. అది మా తోట కింది మూల గుండా, తంగేడు పొదల్లో దాక్కుని పోతోంది. అలాంటి గోడ భూమి లోపల పారే నీటికి కట్టలాగా అడ్డం పడి, ఎగువన నిలబెడుతుందని పాఠంలో చదివాను. చూస్తే ఊళ్ళో ఇప్పటికీ ఎండని రెండు పాత బావులూ ఆ వరసకు ఎగువనే ఉన్నాయి. మా రెండు బోర్లూ దిగువన.

కాగితం మీద గీసి నాయనకు చూపించాను. రెండు బావులు సాక్ష్యం చాలదు, అది నాకూ తెలుసు. మా లెక్చరర్ గారు సంక్రాంతికి యంత్రం తెచ్చి నేల కొలుస్తానన్నారు. నాయన సరేనన్నాడు. కానీ కొబ్బరికాయ పెద్దమనిషిని కూడా అదేరోజు పిలుస్తాడట. ఇద్దరూ ఒక్కచోటే చూపిస్తే బోరు వేస్తాడు.