మైకేల్ ఫారడే: బైండింగు బల్లనుండి ప్రయోగశాలకు

పాఠశాల విడిచి వెళ్లు విద్యార్థుల తలిదండ్రులు ఉపాధ్యాయులమగు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: పిల్లవానిని ఏ పనిలో ప్రవేశపెట్టవలెను? జీతమెంత, గౌరవమెంత, ఊరికి దగ్గరయా దూరమా అను సంగతులను వారు ముందుగానే విచారించుకొని వచ్చెదరు. పిల్లవాని చేతులు దేనికి అలవాటుపడినవి, వాని స్వభావము ఎట్టిది అను మాట మాత్రము సామాన్యముగా ఎవరును ఎత్తరు. ఈ కారణముచేత మైకేల్ ఫారడే చరిత్రమును ఈ సంచికలో వ్రాయ సంకల్పించితిమి. ఆయన కనుగొనిన విషయములు మా విద్యార్థులు భౌతికశాస్త్రములో చదువుచునే యున్నారు గనుక వానిని క్లుప్తముగా చెప్పి, ఆయనకు తగిన పని ఆయనకు ఎట్లు దొరకెనో దానిని కొంత విస్తరించి చెప్పెదము.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని, లండను నగరమును ఆనుకొనియున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఇంగ్లండు ఉత్తర భాగమునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చినవాడు. దేహారోగ్యము చెడిపోవుటచే అతడు కొలిమియొద్ద నిలువలేని దినములు పెక్కులుండెను. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి హెచ్చినప్పుడు బాలుడగు మైకేలునకు వారమునకు ఒక్క రొట్టె మాత్రమే దొరకెడిదట. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు. ఇంతకుమించిన చదువు అతనికి అబ్బలేదు.

1804లో, పదమూడవ యేట, అతడు రీబో అను పుస్తకవర్తకునియొద్ద కుదిరెను. ఆ దినములలో వార్తాపత్రికల వెల యెక్కువ. రీబో వానిని అద్దెకిచ్చుచుండెను. ఒక యింట పత్రికనిచ్చి, వారు చదివిన పిమ్మట దానిని తీసికొని మరియొక యింటికి చేర్చుట ఈ బాలుని పని. ఒక సంవత్సరము ఈ పనిని నమ్మకముగా చేసినందున, 1805లో రీబో రుసుము ఏమియు పుచ్చుకొనకయే అతనిని ఏడేండ్ల ఒప్పందముపై పుస్తకములు బైండు చేయు పనిలో శిష్యునిగా చేర్చుకొనెను.

ఈ ఏడేండ్లను చరిత్రకారులు కొందరు ఒక్క వాక్యములో దాటిపోవుదురు. మాకు అట్లు తోచదు. బైండింగు పనివాడు ఏమి నేర్చుకొనును? ముద్రించిన కాగితములను మడతపెట్టి, ఒక్క పుటయు తారుమారు కాకుండ వరుసగా పేర్చవలెను. దారముతో సమముగా కుట్టవలెను. జిగురు ఎక్కువైనను చెడును, తక్కువైనను చెడును. అంచులు కోయునప్పుడు చేయి వణికినచో పుస్తకమంతయు పాడగును. ఓర్పు, వరుస, కొలత, నిలుకడగల చేయి అను నాలుగును అతనికి ఈ బల్లయొద్దనే అలవడెను. విజ్ఞానము అతని కంటబడినదియు ఈ బల్లమీదనే. బైండు చేయుటకు వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటములో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను స్త్రీ రసాయనశాస్త్రముపై సంభాషణారూపముగా వ్రాసిన పుస్తకమును అతడు చదివెను. చదివి ఊరకుండక, చేతనున్న కొద్ది పెన్నీలతో కొనగలిగిన వస్తువులతోనే ఆ ప్రయోగములను తాను చేసి చూచెను. రీబో అతనిని కోపగించుకొనలేదు. పనివాడు అట్ట కట్టవలసిన పుస్తకమును చదువుచు కూర్చున్నచో ఓర్చుకొను యజమానులు ఎందరుందురో చదువరులే యోచింపవచ్చును.

1810, 1811 సంవత్సరములలో టేటమ్ అను నాతడు తన యింట సాయంకాలములందు విజ్ఞానోపన్యాసములు చేయుచుండెను. ప్రవేశరుసుము ఒక షిల్లింగు. ఈ రుసుమును కమ్మరిపని చేయుచున్న అన్న రాబర్టు ఇచ్చుచుండెను. ఫారడే అక్కడ వినినదానిని వ్రాసికొని, ఇంటికి వచ్చి సాఫుగా తిరిగి వ్రాసి, పరికరముల బొమ్మలను కూడ గీయుచుండెను. బొమ్మలు సరిగా కుదురుటకై, రీబో యింట బసచేసియున్న మాస్క్వెరియే అను చిత్రకారునియొద్ద చిత్రలేఖనము నేర్చుకొనెను. దానికి ప్రతిగా ఆయన గదిని శుభ్రపరచి, బూట్లకు మెరుగు పెట్టెడివాడట.

1812వ సంవత్సరపు వసంతకాలమున, అంగడికి వచ్చుచుండిన డాన్స్ అను పెద్దమనుష్యుడు అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ చేయు నాలుగు ఉపన్యాసములకు ప్రవేశపత్రములు ఇచ్చెను. డేవీ అప్పటికి ఇంగ్లండులో మిక్కిలి ప్రసిద్ధుడైన రసాయనశాస్త్రజ్ఞుడు. ఫారడే ఆ నాలుగింటిని విని, వ్రాసికొని, బొమ్మలు గీసి, మూడు వందలకు మించిన పుటలుగా చేసి, తన చేతితోనే బైండు చేసెను.

ఆ యేటి అక్టోబరులో అతని ఏడేండ్ల గడువు ముగిసెను. అప్పుడతడు డి లా రోష్ అను ఫ్రెంచివానియొద్ద జీతమునకు కుదిరెను. ఈ యజమానుడు ముక్కోపి; అయినను ఫారడే పనితనము అతనికి నచ్చెను. తనకు పిల్లలు లేనందున, తనయొద్దనే యుండినచో దుకాణమంతయు అతనికే యిచ్చెదనని చెప్పినట్లు తెలియుచున్నది. చదువరులు ఇచ్చట కొంచెము ఆగి యోచింపవలెను. అతని తండ్రి 1810లోనే మరణించెను. తల్లి ఇంటిలో అద్దెకుండువారివలన వచ్చు కొద్దిపాటి సొమ్ముతో కుటుంబమును నడుపుచుండెను. చెల్లెలు చిన్నది. ఇరువది యొక్క సంవత్సరముల యువకునికి, తాను బాగుగా నెరిగిన వృత్తిలో, సొంత దుకాణము చేతికి వచ్చునను ఆశ కనబడుచున్నది. అట్టి సమయమున తలిదండ్రులు ఏమి సలహా యిచ్చెదరో మాకు తెలియును. ఆ సలహా తప్పని కూడ మేము చెప్పజాలము.

ఫారడేకు బైండింగు పనిపై ద్వేషము లేదు. బేరసారములలోని స్వార్థమే అతనికి గిట్టలేదు. అందుచేత అతడు మొదట రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బాంక్సుకు, విజ్ఞానసంబంధమైన ఎంత చిన్న పనియైనను సరే ఇప్పింపుమని వ్రాసెను. ప్రత్యుత్తరము లేదను మాటయే దానికి ప్రత్యుత్తరమయ్యెను. పిమ్మట 1812 డిసెంబరులో డేవీకి వ్రాసెను. ఈసారి ఉత్తరముతోపాటు తాను బైండు చేసిన ఉపన్యాసముల పుస్తకమును కూడ పంపెను. ఈ రెండు ఉత్తరములకును గల భేదమును మా విద్యార్థులు గమనింపవలెనని కోరుచున్నాము. మొదటిదానిలో కోరిక మాత్రమే యున్నది. రెండవదానితో కోరినవాని చేతిపని వెళ్లినది. శ్రద్ధగా వినగలడు, వినినదానిని క్రమముగా పెట్టగలడు, బొమ్మ గీయగలడు, చేపట్టిన పనిని చక్కగా ముగింపగలడు అని అందులోని ప్రతి పుటయు చెప్పుచుండెను.

డేవీ దయతో ప్రత్యుత్తరము వ్రాసి, కొన్ని వారములకు అతనిని పిలిపించి మాటలాడెను. అయినను, ఈ పనిలో డబ్బు లేదనియు, శ్రమకు తగిన ఫలము దొరకదనియు, బైండింగు పనిలోనే యుండుట మంచిదనియు హితవు చెప్పెను. ఇన్‌స్టిట్యూషన్ పుస్తకములను అతనికే బైండింగునకు ఇప్పించెదనని కూడ ఆశ పెట్టెను. అవకాశము మరియొకవిధముగా వచ్చెను. 1813 ఫిబ్రవరిలో ప్రయోగశాల సహాయకుడు పరికరములు చేయువానితో కలహించి కొట్టినందున అతనిని తొలగించిరి. ఒకనాటి రాత్రి ఫారడే పరుండబోవుచుండగా డేవీ బండి అతని యింటిముందర ఆగెను. బంట్రోతు ఒక చీటీ తెచ్చి యిచ్చెను. మార్చి 1వ తేదీని వారమునకు 25 షిల్లింగుల జీతముపై, మేడమీద రెండు గదులు, బొగ్గులు, క్రొవ్వొత్తులు ఇచ్చు ఏర్పాటుతో అతడు నియమింపబడెను. సహాయకుడను పేరు గొప్పదే. పరికరములు తుడుచుట, సీసాలు కడుగుట, ఉపన్యాసకులకు కావలసినవి అందించుట అక్కడి పని.

అదే యేటి అక్టోబరులో డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరిరి. వెళ్లవలసిన నౌకరు కడపట రానన్నందున, ఆ పనిని కూడ కొన్నాళ్లు చూడుమని ఫారడేను అడిగిరి. ఆ కొన్నాళ్లు యాత్ర ముగియువరకు సాగెను. డేవీ భార్య అతనిని బంట్రోతువలె చూచెను. మనసు విరిగి, ఇంటికి పోయి తిరిగి అట్టలు కట్టుకొందునా యని అతడు ఒక సమయమున తలపోసెను. అయినను పారిస్‌లో అయొడిన్‌పై పరీక్షలు జరుగుచుండగా చూచెను. ఫ్లారెన్సులో గొప్ప కటకముతో సూర్యకిరణములను కూర్చి వజ్రమును కాల్చుట చూచెను. మిలాన్‌లో వృద్ధుడగు వోల్టాను కలిసికొనెను. పని నచ్చుట వేరు, పని చేయించుకొనువారి నడత నచ్చుట వేరు. ఈ రెంటిని అతడు వేరుచేసి చూడగలిగెను గనుకనే నిలిచెను. 1815 ఏప్రిలులో తిరిగి వచ్చి, తన స్థానములో మరల చేరెను.

తరువాతి కాలమును త్వరగా చెప్పెదము. 1821లో ఆయన సారా బర్నార్డును వివాహమాడెను. ఆ సంవత్సరమే, విద్యుత్ప్రవాహము గల తీగ అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసెను. 1825లో ప్రయోగశాలకు డైరెక్టరై, ఆ యేడే బెంజీనును కనుగొనెను. 1831 ఆగస్టు 29వ తేదీని, ఆరు అంగుళముల అడ్డుకొలత గల మెత్తని ఇనుప కడియమునకు రెండు ప్రక్కల రాగితీగలు చుట్టి, ఒక తీగలో ప్రవాహమును మొదలుపెట్టినప్పుడును ఆపినప్పుడును రెండవ తీగలో క్షణకాలము ప్రవాహము పుట్టుటను చూచెను. విద్యుత్తును ఉత్పత్తిచేయు యంత్రములకు ఈ సూత్రమే ఆధారము. కడియమును గూర్చి మేము చెప్పదలచినది మరియొకటి కలదు. తీగ తీగకు తగులకుండ ఆయన నడుమ నడుమ దారమును, నూలుగుడ్డను వేసి చుట్టెను. దారము, గుడ్డ, బిగువు చెడని చుట్టు. ఇవి యెక్కడ నేర్చినవో చెప్పనక్కరలేదు.

ఆయన జ్ఞాపకశక్తి బలమైనది కాదు. వయసు మీరినకొలది అది మరింత బాధించెను. అందుచేత ప్రతి ప్రయోగమును నాటికి నాడు వ్రాసిపెట్టుచుండెను. 1832 మొదలు ఆ వ్రాతలకు వరుససంఖ్యలు వేయగా, ఆ సంఖ్యలు 16,041 వరకు వెళ్లినవి. గణితము ఆయనకు రాదు. అయస్కాంతముపై కాగితమునుంచి, ఇనుప రజను చల్లి, రజను కూడుకొనిన గీతలను చూచి బలరేఖలను భావించెను. ఆ భావములకు గణితరూపము నిచ్చుటకు మాక్స్‌వెల్ రావలసివచ్చెను. లెక్కలలో వెనుకబడినవాడు విజ్ఞానమునకు పనికిరాడని కొందరు ఉపాధ్యాయులు తొందరపడి చెప్పుటకు మేము సమ్మతింపము. గణితము లేకుండ నడచినది ఫారడే వంటి అరుదైనవారికే యని విద్యార్థులకును చెప్పవలసియున్నది.

తగని పని కూడ ఆయనకు తటస్థించెను. 1825 మొదలు సుమారు అయిదేండ్లు రాయల్ సొసైటీ పక్షమున దూరదర్శినుల గాజును మెరుగుపరచు పనిలో చిక్కుకొనెను. ఫలము స్వల్పము. ఆ కొలిమి యొద్ద సహాయమునకై 1827లో కుదిరినవాడు ఆండర్సన్ అను మాజీ సైనికుడు. ఒక సాయంకాలము ఇంటికి వెళ్లుమని చెప్పుట ఫారడే మరచెనట. ఉదయమున వచ్చి చూడగా ఆండర్సన్ కొలిమిని మండించుచునే యుండెను. ఇతని గొప్పతనము ఆజ్ఞను అక్షరాల పాటించుటలో నున్నది. ఫారడే ముప్పదియేండ్లకు మించి ఇతనిని తప్ప వేరొక సహాయకుని కోరలేదు. ఒక్క ప్రయోగశాలలో ఎంత భేదముగల ఇద్దరు మనుష్యులు తమకు తగిన పనిని కనుగొనిరో చూడుడు. నాడు చేసిన బరువైన గాజుముక్కయే 1845లో, అయస్కాంతము కాంతిపై పనిచేయుటను చూపుటకు ఉపయోగించెను.

ఉపన్యాసముచేయు నేర్పు ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు. ఉచ్చారణశిక్షకునికి డబ్బిచ్చి పాఠములు నేర్చుకొనెను. వేగము హెచ్చినప్పుడు మెల్లగా మాటలాడవలెనని హెచ్చరించు అట్టముక్కను ఎదుట పెట్టించుకొనెను. క్రిస్మసు సెలవులలో బాలురకు పందొమ్మిది పర్యాయములు ఉపన్యాసముల వరుసలు ఇచ్చెను. వానిలో క్రొవ్వొత్తిని గూర్చినవి మిక్కిలి ప్రసిద్ధములు.

1830లో వర్తకులకు పరీక్షలు చేసిపెట్టుటవలన ఆయనకు వేయి పౌండ్లకు మించిన రాబడి వచ్చెను. 1831 పిమ్మట ఆ పనిని క్రమముగా విడిచెను. 1832 నాటికి ఆ రాబడి సుమారు 155 పౌండ్లకు దిగెను. ధనము కూడబెట్టుట తగదని భావించు సాండెమనియన్ అను చిన్న క్రైస్తవ సమాజములో ఆయన సభ్యుడు. ఈ నిర్ణయములో ఆ భావమునకును భాగము కలదు. 1827లో లండను విశ్వవిద్యాలయములో ఆచార్యపదవిని, 1858లో రాయల్ సొసైటీ అధ్యక్షతను వలదనెను. కార్యదర్శులు, సభలు, తగవులు తీర్చుట తన స్వభావమునకు సరిపడవని ఆయన యెరుగును.

1841లో ఆరోగ్యము చెడి స్విట్జర్లాండునకు వెళ్లినప్పుడు ఇంటర్లాకెన్ ఊరిలో మేకులు చేయుచున్నవారిని చూచి, ఆయన చాలసేపు నిలిచెను. తనకు కమ్మరివాని కొలిమి యనిన ప్రీతియనియు, తన తండ్రి కమ్మరియనియు ఆనాటి దినచర్యలో వ్రాసికొనెను. అప్పటికి ఐరోపాలో ఆయన నెరుగని విద్వాంసుడు లేడు.

1858లో విక్టోరియా రాణి ఆయనకు హాంప్టన్ కోర్టులో ఒక ఇల్లు ఇచ్చెను. 1867 ఆగస్టు 25వ తేదీని అక్కడ తన కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. హైగేటు శ్మశానవాటికలోని ఆయన సమాధిరాతిపై పేరును తేదీలును మాత్రమే చెక్కియున్నవి. డేవీకి పంపిన బైండు పుస్తకము రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రముగా నున్నది.