వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ

పూర్వకాలపు హకీముల పేర్లు అడిగితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇబ్నె సీనా అంటారు, జకరియా రాజీ అంటారు. జహ్రావీ పేరు చెప్పేవారు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయదలిచాము. తెగిన పెదవులు, చీలిన చెవులు, నలిగిన వేళ్ళు సరిచేసే ప్లాస్టిక్ సర్జరీని ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో చూస్తున్నాం. ఆ పనిలో కొన్ని మెట్లను వెయ్యేళ్ళ కిందట ఆయన బొమ్మలతో సహా రాసిపెట్టి వెళ్ళారు.

పూర్తి పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్నె అబ్బాస్ జహ్రావీ. స్పెయిన్‌లో కార్డోబా పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలో ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936లో మదీనతుజ్జహ్రా అనే కొత్త నగరం కట్టించడం మొదలుపెట్టారు. జహ్రావీ అన్న పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. ఆయన పుట్టుక కూడా ఆ ప్రాంతంలోనే అని చరిత్రకారుల అంచనా. ఆయన ఇంటి సంగతులు మనకు పెద్దగా మిగల్లేదు. మిగిలినదల్లా ఆయన పుస్తకం.

దాని పేరు 'కితాబుత్తస్రీఫ్'. 30 భాగాలు. వెయ్యవ సంవత్సరం ప్రాంతంలో పూర్తయింది. మందులు, పథ్యాలు, లేపనాలు అన్నీ అయ్యాక చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్సే. అందులో మొదట వాత పెట్టడం, తరువాత కోత, ఆ తరువాత ఎముకల కట్టు. పుత్తూరు కట్టు ఎరిగిన మనవాళ్ళకు ఈ మూడోది మరీ వింతగా తోచదు. సుమారు 200 పనిముట్ల బొమ్మలు వేసి, ఏది ఎందుకో వివరించారు. గడ్డ కోసేటప్పుడు రోగి బెదిరిపోకుండా కత్తిని వేళ్ళ మధ్య దాచిపెట్టే ఉపాయం కూడా చెప్పారు. మత్తుమందు ఇంజెక్షన్లు లేని రోజులు మరి!

ముక్కు, పెదవి, చెవి తెగినప్పుడు ఏం చేయాలన్నది ఒక అధ్యాయం. గాయం పచ్చిగా ఉంటే అంచులు కలిపి కుట్టేయాలి. అంచులు విడివిడిగా మానిపోయి ఉంటే అలాగే కుడితే అతకవు. కాబట్టి పైచర్మాన్ని నెత్తురు కనిపించేదాకా గీకి, అప్పుడు కుట్టాలి. మానిన చర్మం మానిన చర్మానికి అంటదనే ఈ సూత్రం నేటి సర్జన్లకూ వర్తిస్తుంది. కలిసిపోయి పుట్టిన వేళ్ళను విడదీశాక మళ్ళీ అంటుకోకుండా మధ్యలో గులాబీనూనెలో తడిపిన గుడ్డ పెట్టమన్నారు. కనురెప్ప మీద అదనంగా ఉన్న చర్మం తీసేటప్పుడు ముందుగా సిరాతో గీత గీసుకోమన్నారు. మగవారికి రొమ్ములు పెరిగితే నెలవంక ఆకారంలో కోసి, లోపలి కొవ్వు తీసి కుట్టడం కూడా ఉంది. అయితే అన్నీ ఆయన కనిపెట్టినవే అని గొప్పలు చెప్పడం మాకు ఇష్టం లేదు. గ్రీకు వైద్యుడు పాల్ రాసినదాని నుంచి ఆయన చాలా తీసుకున్నారు. చెక్కిలి చర్మంతో కొత్త ముక్కు కట్టే పద్ధతి మన సుశ్రుతుడిది. సుశ్రుతుని గ్రంథం అంతకుముందే బాగ్దాదులో అరబ్బీలోకి వెళ్ళింది కూడా.

మాకు ఎక్కువ నచ్చినది ఆయన జాగ్రత్త. తమ దేశంలో కత్తిపట్టే విద్య అడుగంటిందనీ, శరీరం లోపలి నిర్మాణం తెలియనివాడు కోస్తే ప్రాణమే పోతుందనీ శిష్యులకు చెప్పి, కళ్ళారా చూసిన సంగతులు రాశారు. ఒక ఆడమనిషి మెడ మీది గడ్డను తెలియని వైద్యుడొకడు కోస్తే రక్తనాళం తెగి ఆమె అక్కడే చనిపోయింది. మడమ దగ్గర కాలు విరిగి గాయం కూడా అయిన ఒకతనికి మరో వైద్యుడు గాయానికి గాలి ఆడకుండా బిగించి కట్టి, రోజుల తరబడి వదిలేశాడు. కాలు వాచి అతను చావుకు దగ్గరయ్యాక జహ్రావీని పిలిచారు. ఆయన వెంటనే కట్టు విప్పారు, కాస్త ఉపశమనం కలిగింది. కానీ అప్పటికే కుళ్ళు పట్టింది, అది ఆగలేదు. ముదిరిన క్యాన్సర్ పుండును ముట్టుకోవద్దన్నారు. అలాంటిదాన్ని తాను నయం చేయలేకపోయాననీ, చేసినవారిని చూడలేదనీ ఒప్పుకున్నారు. ఎంతమంది వైద్యులు అలా రాస్తారు?

బతికించిన కథా ఉంది. ఒక దాసీపిల్ల గొంతులో కత్తి దిగి గాలిగొట్టం కొంత తెగింది. ఆయన చూస్తే గాయంలోంచి గాలి వస్తున్నది కానీ పెద్ద నాళం ఏదీ తెగలేదు. వెంటనే కుట్టారు. గొంతు బొంగురు తప్ప ఆ పిల్లకు ఏ ఇబ్బందీ మిగల్లేదు. గొంతుకు కోత పెట్టడం అంత ప్రమాదం కాదని దాన్నిబట్టే ఆయన తేల్చారు.

11వ శతాబ్దం తొలి ఏళ్ళ అంతర్యుద్ధంలో జహ్రా నగరం నేలమట్టమైంది. ఆయన 1013 ప్రాంతంలో కన్నుమూశారు. ఊరు పోయినా పుస్తకం నిలిచింది. 12వ శతాబ్దంలో టొలేడోలో జెరార్డ్ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. అది 1497లో వెనిస్‌లో అచ్చయింది. 1465లో షరఫుద్దీన్ సాబున్‌జూఓగ్లూ అనే తుర్కీ వైద్యుడు దాని ఆధారంగా రంగుల బొమ్మలతో తన పుస్తకం రాశాడు. ఇంగ్లీషు అనువాదం 1973లో లండన్‌లో వెలువడింది. జహ్రా శిథిలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.