శ్మశానం చెప్పిన సమానత్వం – మహాకవి జాషువా

మన హాస్టల్ గోడల మీద ఏటా ఎన్నో పేర్లు పుడతాయి. ఎండాకాలం సెలవుల్లో సున్నం వేయగానే పోతాయి. ఆ పేర్లు రాసిన అన్నలు ఇప్పుడు ఉప్పల్‌లోనో, నాచారం ఫ్యాక్టరీల్లోనో, ఇంకా దూరంగానో పనులు చేసుకుంటున్నారు. ఏదీ శాశ్వతం కాదని పెద్దలు చెబితే మనం నవ్వేస్తాం. ఆ మాటనే పద్యాలుగా మలిచి పల్లెపల్లెకూ వినిపించిన మహాకవి గుర్రం జాషువా జీవితాన్ని ఈ వార్షికోత్సవ సందర్భంగా గుర్తు చేసుకుందాం.

జాషువా 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లా వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు. అంటరానితనం చిన్ననాటి నుంచే ఆయనను వెంటాడింది. బతుకుతెరువు కోసం కొంతకాలం రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ, సంభాషణలు చెప్పారు. తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడిగా, తెలుగు పండితుడిగా పనిచేశారు.

ఆయన రాసిన శ్మశానవాటి పద్యాలను నటులు 'సత్య హరిశ్చంద్ర' నాటకంలోని కాటిసీనులో కలుపుకుని పాడారు. అక్షరం రాని వారు కూడా వాటిని కంఠస్థం చేశారు. కవి కలమైనా, రాజు ముద్ర అయినా, చిత్రకారుడి కుంచె అయినా చివరికి చేరేది ఆ మట్టిలోకేనని వాటి సారాంశం. అయితే జాషువా వైరాగ్యంతో ఆగిపోలేదు. అంటరానితనం అడుగుపెట్టలేని చోటు అదొక్కటేనని చాటారు. చచ్చాక అందరూ సమానమైతే, బతికుండగా ఈ ఎక్కువ తక్కువలెందుకు అన్నదే అందులోని ప్రశ్న. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో ఆ ప్రశ్న మరింత పదునెక్కింది. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, పేదవాడు వెళ్లలేడు. అందుకే తన గోడును శివుడికి చెప్పమని అతడు గబ్బిలాన్నే బతిమాలుకుంటాడు.

మిత్రులారా! ఇప్పటికీ మన పల్లెలు చాలావాటిలో కులానికో శ్మశానం ఉంది. జాషువా చూసిన ఆ సమానత్వం కాటిలో కూడా ఇంకా పూర్తిగా రాలేదన్నమాట.

1970లో ఆయనకు పద్మభూషణ్, 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించాయి. 1964లోనే శాసనమండలి సభ్యులయ్యారు. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కలమూ మట్టిలోనే కలిసింది. పద్యం మాత్రం జనం నాలుకల మీద నిలిచింది.

మనమూ ఇక్కడ నాలుగేళ్ల అతిథులమే. ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చాం, దానితోనే వెళతాం. కానీ ఇక్కడ ఎవరిది ఏ కులమని అడగకుండా ఒకే బంతిలో కూర్చుని అన్నం తింటున్నాం. గేటు దాటాక కూడా ఆ బంతిని చెదరనివ్వకుండా చూసుకుందాం. జాషువాకు మనమివ్వగల నివాళి అదే.