పండుగను చదివిన పండితురాలు – జేన్ హారిసన్

గ్రీకు దేవతల పేర్లు మన పిల్లలకు కొత్త కాదు. ఇక్కడి ప్రైమరీ బడుల్లోనే జ్యూస్, అథీనా, పోసిడాన్ కథలు చెబుతారు. అయితే ఆ దేవతలను కొలిచిన మామూలు జనం పండుగనాడు ఇంట్లో, పొలంలో ఏం చేసేవారన్నది ఆ కథల్లో అంతగా కనిపించదు. ఆ ప్రశ్నను పట్టుదలగా అడిగి, జవాబు కోసం జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించిన విదుషీమణి జేన్ ఎలెన్ హారిసన్. మనం ఉంటున్న ఈ ఇంగ్లండులోనే పుట్టి పెరిగిన ఆమె గురించి మన బడి పిల్లలకు, పెద్దలకు నాలుగు మాటలు చెప్పుకుందాం.

జేన్ 1850 సెప్టెంబరు 9న యార్క్‌షైర్‌లోని కాటింగ్‌హామ్‌లో జన్మించారు. తండ్రి కలప వ్యాపారి. జేన్ పుట్టిన కొద్దికాలానికే తల్లి కన్నుమూసింది. చిన్నతనంలో చదువంతా ఇంటి దగ్గరే, పంతులమ్మల వద్ద సాగింది. ఆ తర్వాత చెల్టెన్‌హామ్ బాలికల కళాశాలలో చేరారు. 1874లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలకు వచ్చారు. ఆడపిల్లల కోసం ఆ కళాశాల మొదలై అప్పటికి మూడేళ్ళే. 1879లో గ్రీకు, లాటిన్ పరీక్షలో రెండవ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష రాయనిచ్చారు గానీ పట్టా మాత్రం ఇవ్వలేదు. ఆడవారికి పట్టా ఇవ్వడం అప్పటి కేంబ్రిడ్జిలో లేదు. 1897లో ఈ విషయమై ఓటింగు జరిగితే వద్దన్నవారే ఎక్కువ మంది. చివరకు 1948లో గానీ ఆ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. అప్పటికి జేన్ పోయి ఇరవై ఏళ్ళు.

చదువు ముగిశాక ఆమె లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో గ్రీకు కళను అధ్యయనం చేశారు. 1880 నుంచి సుమారు పదిహేడేళ్ళు అక్కడ ఉపన్యాసాలిచ్చారు. మనం పిల్లలను తీసుకెళ్ళి చూపించే ఆ గ్రీకు కూజాలు, పాలరాతి శిల్పాల నడుమే ఆమె పాఠాలు చెప్పారు. కూజా మీది బొమ్మ కూడా పుస్తకంతో సమానమైన సాక్ష్యమే అన్నది ఆమె పద్ధతి. హోమర్ చెప్పిన కథనే కూజాపై బొమ్మ గీసినవాడు ఎలా చూపించాడు, ఎక్కడ మార్చాడు అని అడిగేవారు. 1882లో వచ్చిన ఆమె తొలి పుస్తకం ఒడిస్సీ కథల మీద ఇలా రాసిందే.

పండితులకే కాదు, బడిపిల్లలకు కూడా ఆమె ఉపన్యాసాలిచ్చారు. దీపపు పెట్టెతో తెర మీద బొమ్మలు చూపిస్తూ పాఠం చెప్పేవారు. వించెస్టర్ మగపిల్లల బడిలో మాట్లాడినప్పుడు, అంతకుముందు అక్కడ ఏ స్త్రీ ఉపన్యసించలేదని ఆమెతో అన్నారట. పాఠం ఎలా ఉందని ఒక ఉపాధ్యాయుడు ఓ చిన్నవాణ్ణి అడిగితే, పాఠం సంగతి కాదు గానీ ఆవిడ నచ్చింది, అందమైన పచ్చని జీరంగిలా ఉందని చెప్పాడట. ఆ రోజుల్లో ఆమె గౌన్ల మీద నీలం, ఆకుపచ్చ తళుకులు మెరిసేవి మరి! ఈ ముచ్చటను జేన్ తన జ్ఞాపకాల పుస్తకంలో నవ్వుతూ రాసుకున్నారు. మరోసారి పురాతన గ్రీకు రహస్య పూజల గురించి చెబుతూ, చీకటి గది వెనుక ఇద్దరు మిత్రులను నిలబెట్టి, తాడు కట్టిన చెక్కముక్కలను గిరగిరా తిప్పించారు. ఆ రొద వినగానే గదిలోని వారికి ఆ పూజలోని గగుర్పాటు తెలిసి ఉంటుంది.

లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో పురావస్తు శాస్త్ర ఆచార్య పదవికి 1888లో, 1896లో దరఖాస్తు చేశారు. రెండుసార్లూ ఉద్యోగం వేరే వారికి దక్కింది. అబర్డీన్, డర్హామ్ విశ్వవిద్యాలయాలు మాత్రం గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1898లో న్యూన్‌హామ్ ఆమెను తిరిగి పిలిచింది. అసలైన పని అక్కడే జరిగింది. గ్రీకు మతం మీద ఆమె రాసిన పెద్ద గ్రంథం ‘ప్రొలెగోమినా’ 1903లో వెలువడింది. అప్పటికి ఆమె వయస్సు యాభై దాటింది.

ఆ గ్రంథం దేవతల కథలతో కాక పండుగలతో మొదలవుతుంది. ఏథెన్సులో వసంతారంభాన మూడు రోజులు ఆంథెస్టీరియా జరిగేది. మొదటి రోజు కొత్త ద్రాక్షసారా జాడీలు తెరిచేవారు. చూస్తే తాగి తందనాలాడే పండుగే. కానీ ఆ రోజుల్లో చనిపోయినవారి ఆత్మలు ఊళ్ళోకి వస్తాయని నమ్మి తలుపులకు తారు పూసేవారు, ఒక ముళ్ళచెట్టు ఆకులు నమిలేవారు. అన్ని రకాల గింజలూ కుండలో ఉడికించి నివేదించి, పండుగ అయిపోయింది ఇక వెళ్ళండని ఆత్మలను సాగనంపేవారు. డయాసియా పండుగ జ్యూస్ పేర జరిగేది. కానీ పిరేయస్ రేవులో దొరికిన శిల్పాల్లో ఆ జ్యూస్ పెద్ద పాము రూపంలో ఉన్నాడు! అంటే పాత కొలుపు అలాగే ఉండగా కొత్త దేవుడి పేరు దాని మీద వచ్చి కూర్చుందని జేన్ వాదించారు. జనం చేసే పని పాతది, దానికి చెప్పే కథ తరచూ తర్వాతిది అన్నది ఆమె మాటల సారాంశం.

1912లో ‘థెమిస్’ వచ్చింది. గిల్బర్ట్ మర్రే, ఫ్రాన్సిస్ కార్న్‌ఫర్డ్ అందులో చెరొక భాగం రాశారు. ఏటేటా చచ్చి పుట్టే ఒక దైవం చుట్టూ ఎన్నింటినో ముడిపెట్టిన ఆ సిద్ధాంతాన్ని తర్వాతి పండితులు చాలావరకు ఒప్పుకోలేదు. అయినా మతాన్ని అర్థం చేసుకోవాలంటే జనం చేసే పనిని కూడా చూడాలన్న ఆమె పట్టుదల మాత్రం నిలిచింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, అరవై దాటాక, రష్యన్ భాష నేర్చుకుని ఇతరులకు నేర్పారు. 1922లో కేంబ్రిడ్జి విడిచి పారిస్ వెళ్ళారు, తర్వాత లండన్ చేరారు. శిష్యురాలు, రచయిత్రి హోప్ మర్లీస్ ఆమె వెంటే ఉన్నారు. ఇద్దరూ కలిసి రష్యన్ ఎలుగుబంటి కథలను ఇంగ్లీషులోకి తెచ్చారు. 1928 ఏప్రిల్ 15న జేన్ లండన్‌లో కన్నుమూశారు.

గ్రీకుల పండుగలు వేరు, మనవి వేరు. ఈ రెంటినీ ఒకటని చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ జేన్ అడిగిన ప్రశ్న మనకూ పనికొస్తుంది. వినాయకుడి కథ మన పిల్లలు కార్టూన్లలో చూసి చక్కగా చెప్పేస్తారు. పత్రి ఏమిటో, ఆ ఆకులు ఏ చెట్టువో అడిగితే తెల్లమొహం వేస్తారు. పుట్టలో పాలెందుకు పోస్తారని అడిగితే మనమే నీళ్ళు నములుతాం. కథ పుస్తకంలో దొరుకుతుంది. చేసే పని మాత్రం చేసేవాళ్ళతోనే పోతుంది. అందుకే ఈసారి ఊరికి ఫోను చేసినప్పుడు పిల్లల చేత అమ్మమ్మనో నాయనమ్మనో ఒక్క ప్రశ్న అడిగిద్దాం: పండుగనాడు పొద్దున్నే లేచి ముందు ఏం చేసేవారు, ఆ తర్వాత ఏం చేసేవారు? ఎందుకన్నది తర్వాత ఆలోచించవచ్చు. ముందు అది రాసి పెట్టుకుందాం.