మార్లవాయి గోండుల బొమ్మలు దాచిన హైమన్‌డార్ఫ్

ఏటా జనవరి 11 వచ్చిందంటే మార్లవాయి జనం రెండు సమాధుల దగ్గర చేరతారు. పూలు పెట్టి దండం పెట్టుకుంటారు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని ఈ గోండు గూడెం ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం కింద ఉంది. ఆ సమాధుల్లో ఒకటి ఆస్ట్రియా దేశంలో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. రెండోది ఆయన భార్య బెట్టి ఎలిజబెత్‌ది. గిరిజనులకు పట్టాలు ఇప్పించిన మనిషిగా, బడులు పెట్టించిన మనిషిగా హైమన్‌డార్ఫ్ పేరు జిల్లాలో చాలామందికి తెలుసు. ఆయన వెంట ఒక కెమెరా కూడా గూడేలన్నీ తిరిగిందన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఎనభై ఏళ్ల కిందట మన గోండులు ఎట్లా బతికారో కళ్లతో చూడాలంటే ఇవ్వాళ ఆ కెమెరా తీసిన బొమ్మలే పెద్ద ఆధారం.

వియన్నా నుంచి నాగా కొండలకు

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో ఉన్నత కుటుంబంలో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ పట్టా పొందారు. అస్సాం, బర్మా కొండల్లోని తెగల మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథమంతా పుస్తకాలు చదివి రాసిందే. ఆ మనుషులను అప్పటికి ఆయన కళ్లారా చూడలేదు. ఆ లోటు తీర్చుకునేందుకు 1936లో ఇండియాకు వచ్చి నాగా కొండలకు వెళ్లారు. కోన్యాక్ నాగాల నడుమ ఏడాదికి పైగా గడిపారు.

కెమెరా ఆయన చేతిలో కుదురుకున్నది అక్కడే. ఫోటోలు తీయడం ఆయనకు జీతం తెచ్చే పని కాదు. స్టూడియో లేదు, గిరాకీ లేదు. ఇష్టం కొద్దీ తీసేవారు. అయితే ఆ ఇష్టం పనికి ఆసరా అయింది. ఒక పండుగను రాతలో వర్ణించాలంటే పేజీలు పడతాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ నగ పెట్టుకున్నారు, వాద్యం ఎట్లా పట్టుకున్నారు అన్నది ఒక్క ఫోటో చెప్పేస్తుంది. నాగాల మీద 1939లో ఆయన అచ్చువేసిన పుస్తకానికి పాఠకులు దక్కడంలో ఆ బొమ్మల పాత్ర తక్కువేమీ కాదు.

యుద్ధం తెచ్చిన మలుపు

1938లో లండన్‌లో ఆయన బెట్టి బర్నార్డోను పెళ్లాడారు. మరుసటి ఏడు దంపతులిద్దరూ ఇండియాకు వచ్చారు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది గనుక ఆయన దగ్గర ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. దాంతో బ్రిటిష్ సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశపు మనిషి అయ్యారు. నిజాం రాజ్యం దాటి పోరాదని ఆంక్ష పెట్టారు.

వేరొకరైతే హైదరాబాద్ బంగళాలో కూర్చుని యుద్ధం ముగిసేదాకా రోజులు లెక్కపెట్టేవారు. హైమన్‌డార్ఫ్ అడవి దారి పట్టారు. మొదట నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర బస చేశారు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో పుస్తకాలు వెలువడ్డాయి. రెండింటిలోనూ రాతతో పాటు ఫోటోలూ ఉన్నాయి.

ఆదిలాబాద్ అడవుల్లో అప్పటికే నిప్పు రాజుకుని ఉంది. రిజర్వు అడవి పేరుతో గీతలు గీసి గోండులను, కొలాములను చేన్ల నుంచి వెళ్లగొట్టారు. గుడిసెలు తగలబెట్టారు. జల్, జంగల్, జమీన్ కోసం తిరగబడ్డ కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చి చెప్పే మనిషి సర్కారుకు కావలసి వచ్చింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు.

గుడిసెలో కాపురం

పైనుంచి వచ్చిన అధికారి అంటేనే గోండులకు భయం. ఫారెస్టు జవాను, గిర్దావరు, షావుకారు, ఎవరు వచ్చినా ఏదో ఒకటి పట్టుకుపోయేవారే. అటువంటి చోట ఒక తెల్లదొర పెట్టె లాంటి వస్తువును ముఖానికి గురిపెడితే జనం ఏమనుకుంటారు? అందుకే దంపతులు దూరాన డేరా వేసుకోకుండా మార్లవాయిలో గుడిసె కట్టుకుని ఊళ్లో వాళ్లలా కాపురం ఉన్నారు. గోండి నేర్చుకున్నారు. పెళ్లికి పిలిస్తే పెళ్లికి, చావైతే చావుకు వెళ్లారు. జనానికి నమ్మకం కుదిరింది.

ఆ రోజుల్లో ఫోటో తీయడం ఇప్పటి సెల్‌ఫోను సంగతి కాదు. గూడెంలో కరెంటు లేదు. చిన్న కెమెరా రీలు మీద వచ్చేవి 36 బొమ్మలే. పైగా యుద్ధకాలం కావడంతో ఫిలిం దొరకడమే కష్టం. వానాకాలం చెమ్మకు ఫిలిం బూజు పడుతుంది, ఎండాకాలం వేడికి చెడుతుంది. తీసిన బొమ్మ బాగా వచ్చిందో లేదో రీలు కడిగేదాకా తెలియదు. అప్పటికి పండుగ అయిపోయి ఉంటుంది. మళ్లీ తీయాలంటే మరో ఏడాది ఆగాలి.

ఇన్ని ఇబ్బందుల్లోనూ ఆయన దీపావళి నాటి దండారీని, నెమలి ఈకల టోపీ పెట్టి ఒంటికి బూడిద రాసుకున్న గుస్సాడీలను, పెర్సాపేన్ పూజలను, గోండుల వంశగాథలు పాడే ప్రధానులను ఫోటోలు తీశారు. పండుగలకే పరిమితం కాలేదు. దుక్కి దున్నే రైతు, నీళ్లు మోసే ఆడవాళ్లు, ఆడుకునే పిల్లలు, గుడిసెలు, చేన్లు అన్నీ ఆ బొమ్మల్లో ఉన్నాయి. వీటిలో కొన్ని 1948లో అచ్చయిన ఆదిలాబాద్ రాజగోండుల గ్రంథానికి ఎక్కాయి.

ఇల్లాలి పాలు

ఈ పనిలో సగం పేరు బెట్టికి దక్కాలి. పరాయి మగవాడి ముందుకు రావడానికి గోండు ఆడవాళ్లు వెనకాడతారు. ఆమె ముందు ఆ జంకు ఉండదు. ఆడవాళ్ల మాటలు, పిల్లల పెంపకం, ఇంటి ఆచారాలు ఆమె ద్వారానే ఎక్కువగా నోటు పుస్తకాల్లోకి చేరాయి. అడవి దారుల్లో భర్త వెంట నడిచి, గుడిసెలో సంసారం నడిపి, పరిశోధనలోనూ ఆమె సమపాలు పంచుకుంది. దక్షిణాసియా మానవ శాస్త్ర గ్రంథాల పట్టికను సంపుటాలుగా కూర్చిన పండితురాలు కూడా. భర్తకున్న సరదా భార్యకు భారం కావడం లోకంలో మామూలే. వీరింట్లో అది ఇద్దరి పని అయింది.

పట్టాలు, బడులు

హైమన్‌డార్ఫ్ బొమ్మలు తీసి ఊరుకోలేదు. గోండుల తిరుగుబాటుకు కారణం భూమి పోవడమేనని సర్కారుకు నివేదికలు పంపారు. ఆ నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. అదే ఏడు ఆయనను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించారు. దరిమిలా జిల్లాలో 11 వేలమందికి పైగా గిరిజన రైతులకు సుమారు 1 లక్షా 60 వేల ఎకరాలు దక్కాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొర ఆలకించే దర్బారుకు నాంది పలికిందీ ఆయనే.

మళ్లీ వచ్చి చూస్తే

1949లో ఆయన లండన్ వెళ్లి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాలయంలో చేరారు. 1951లో ప్రొఫెసర్ అయ్యారు. 1953లో ఎవరెస్టు శిఖరం ఎక్కిన ఏడాదే నేపాల్ వెళ్లి షేర్పాల మధ్య పరిశోధన మొదలుపెట్టారు. ఎక్కడికి వెళ్లినా కెమెరా వెంటే ఉంది. ఫోటోలకు తోడు 16 మిల్లీమీటర్ల సినిమా ఫిలిం కూడా తీశారు.

మార్లవాయిని మాత్రం ఆయన మరవలేదు. 1976లో ఉద్యోగ విరమణ చేశాక దంపతులు మళ్లీ గోండు గూడేలకు వచ్చారు. అప్పటికి రోడ్లు పడ్డాయి, బస్సులు వచ్చాయి. వాటితో పాటు బయటి జనం కూడా వచ్చి గిరిజనుల భూములు ఆక్రమించారు. ఒకనాడు తాము దగ్గరుండి పట్టాలు ఇప్పించిన చేన్లు పరుల పాలయ్యాయి. దట్టమైన అడవి పలచబడింది. ఈ దుస్థితిని ఆయన 1982లో వచ్చిన గ్రంథంలో దాపరికం లేకుండా రాశారు. అంతకు ఏడాది ముందు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ నెత్తుటికీ మూలం భూమి తగాదాయే. నలభై ఏళ్ల తేడాలో ఒకే ప్రాంతాన్ని, ఒకే జనాన్ని చూసి నమోదు చేసినవారు అరుదు. పాత ఫోటోలకు అసలు విలువ అక్కడే ఉంది. ఏముండేదో తెలిస్తేనే ఏం పోయిందో తెలుస్తుంది.

చివరి మజిలీ

1987 జనవరి 11న బెట్టి హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెకు మార్లవాయిలోనే సమాధి కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండన్‌లో మరణించారు. 2012లో ఆయన అస్థికలను మార్లవాయి తెచ్చి భార్య పక్కనే ఉంచారు.

ఆయన తీసిన పది వేలకు పైగా ఫోటోలు, వంద గంటలకు మించిన సినిమా ఫిలిం లండన్ విద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలా ఫోటోలను కంప్యూటర్లకు ఎక్కించారు. సముద్రం దాటిపోయిన తాతల ముఖాలను మనవలు ఇప్పుడు సెల్‌ఫోనులో చూసుకునే వీలు కలిగింది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు కూడా మార్లవాయి మనిషే. 2024లో ఆయనా పోయారు. ఆయనకు ముందు ఆ టోపీ పెట్టి ఆడిన తరం ఎట్లా ఆడిందో చెప్పేందుకు పాత బొమ్మలే మిగిలాయి.

అవి నేటికీ పనికొస్తున్నాయంటే, ఏ తెగ, ఏ ఊరు, ఏ పండుగ అన్న వివరం వాటి వెంట నిలిచి ఉండటమే కారణం. నేడు ప్రతి ఇంట్లో కెమెరా ఉంది. పెళ్లికీ, జాతరకూ వందల బొమ్మలు తీస్తున్నారు. అందులో ఉన్నది ఎవరో, ఏ ఊరో, ఏ ఏడో రాసిపెట్టేవారు ఎందరు? ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే పాత ఫోటోల వెనుక పేర్లు రాయించుకుంటే, రేపటి పిల్లలకు అదే ఆస్తి.